కావాలని చేయని ఫౌల్‌కు ఏ కార్డు తీయాలి?

విజిల్ ఊదగానే చెయ్యి జేబులోకి పోనివ్వకండి. కొత్త రిఫరీలకు నేను మొదట చెప్పేది ఇదే. 11 ఏళ్లుగా వారాంతాల్లో అమెచ్యూర్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు నడిపిస్తున్నాను. ఒకసారి తడి మైదానంలో ఓ కుర్రాడు జారుకుంటూ వెళ్లి అవతలివాడి మడమకు తగిలాడు. పడినవాడు పెట్టిన కేకకు నా గుండె ఝల్లుమంది, వెంటనే రెడ్ కార్డు తీసి ఈ కుర్రాణ్ణి బయటికి పంపాను. రెండు నిమిషాల్లో వాడు లేచి పరుగెత్తాడు. ఈ కుర్రాడు మాత్రం గీత బయట తల వంచుకుని కూర్చున్నాడు. నేను ఫౌల్‌ను చూడలేదు, కేక విన్నాను.

"కావాలని చెయ్యలేదు సార్" అని ప్రతివాడూ అంటాడు. చాలాసార్లు అది నిజమే. కానీ ఆట చట్టాల్లోని 12వ నిబంధన ఇక్కడ మనసులో ఏముందో అడగదు. అజాగ్రత్తగా తగిలితే ఫ్రీ కిక్ చాలు. ఎదుటివాడికి ఏమవుతుందో పట్టించుకోకుండా దూకితే ఎల్లో, అంటే హెచ్చరిక కార్డు. మితిమీరిన బలం వాడినా, అవతలివాడి భద్రతకు ముప్పు తెచ్చినా రెడ్.

అందుకే తగలడానికి ముందు క్షణాన్ని గుర్తు చేసుకోండి. ఎంత దూరం నుంచి వచ్చాడు? వేగం తగ్గించుకునే వీలుందా? బూటు అడుగున ఉండే స్టడ్స్ ముందుకు ఉన్నాయా? మోకాలు బిగిసి ఉందా, వంగి ఉందా? తగిలింది పాదానికా, పిక్కకా? నా లెక్కలో అన్నిటికంటే బరువైన ప్రశ్న, రెండు కాళ్లూ నేల విడిచాయా అన్నది. గాల్లోకి లేచినవాడు తనను తాను ఆపుకోలేడు.

2017 సెప్టెంబరులో మాంచెస్టర్ సిటీతో మ్యాచ్‌లో లివర్‌పూల్ ఆటగాడు సాడియో మానే చూపంతా బంతి మీదే ఉంది. ఎత్తిన బూటు గోల్‌కీపర్ ఎడెర్సన్ ముఖానికి తగిలింది. రెడ్ ఇచ్చారు, మూడు మ్యాచ్‌ల నిషేధం పడింది. అన్యాయమన్నవాళ్లు చాలామంది. నాకు మాత్రం అది సరైన తీర్పే. తలెత్తున బూటు లేపేవాడు, అక్కడికి ఇంకొకరి తల రావచ్చని ముందే అనుకోవాలి.

గాయాన్ని బట్టి కార్డు రంగు తేల్చకండి. 2019 నవంబరులో ఎవర్టన్ మీద టోటెన్‌హామ్ ఆటగాడు సన్ హ్యూంగ్ మిన్ చేసిన ట్యాకిల్‌కు రిఫరీ ముందు ఎల్లో అనుకున్నారు. ఆండ్రే గోమెస్ గాయం తీవ్రత తెలిశాక రెడ్ చూపించారు. అప్పీలులో అది రద్దయింది. 2023 ఆగస్టులో దక్షిణ అమెరికా క్లబ్‌ల టోర్నీ కోపా లిబర్టడోరెస్‌లో బ్రెజిల్ ఆటగాడు మార్సెలో బంతితో ముందుకెళ్తూ వేసిన అడుగు ప్రత్యర్థి లూసియానో సాంచెస్ కాలి మీద పడింది, సాంచెస్ మోకాలి కీలు తప్పింది. రెడ్ పడిన మార్సెలో ఏడుస్తూ బయటికి నడిచాడు. నేనైతే అక్కడ రెడ్ తీయను. పరుగెత్తేవాడి పాదం ఎక్కడో ఒకచోట దిగాలి కదా!

స్పష్టమైన గోల్ అవకాశాన్ని చెడగొట్టిన ఫౌల్ లెక్క వేరు. మెల్లగా తగిలినా రెడ్ రావచ్చు. పెనాల్టీ ఏరియాలో బంతి కోసమే ప్రయత్నించి చేస్తే మాత్రం 2016 నుంచి పెనాల్టీతో పాటు ఎల్లోతో సరిపెడుతున్నారు.

ముందు ఫిజియోను పిలవండి. ఆ అర నిమిషం మీకు ఆలోచించుకోవడానికి దొరుకుతుంది. దగ్గర్లో ఉన్న అసిస్టెంట్‌ను అడగండి. బయటికి పంపేవాడికి కారణం ఒక్క వాక్యంలో చెప్పగలగాలి: "మోకాలి ఎత్తున స్టడ్స్ పెట్టావు." ఆ వాక్యం నోటికి రాకపోతే రెడ్ కార్డు జేబులోనే ఉంచండి. ఆ రోజు కుర్రాడు "ఎందుకు సార్?" అని అడిగినప్పుడు నా దగ్గర ఆ వాక్యం లేదు.