కోటా బియ్యం తింటూనే షుగరును అదుపులో పెట్టుకోవడం: బస్తీల్లోని పెద్దవారి భోజనానికి సూచనలు

హైదరాబాద్ బస్తీల్లో అరవై దాటినవారికి షుగరు ఉందని తేలగానే అన్నం మానేసి ఓట్స్ తినమని ఎవరో ఒకరు చెబుతారు. పింఛను మీదా కోటా బియ్యం మీదా నడిచే ఇంట్లో ఆ సలహా సాగదు. పైగా అన్నం తగ్గించి దానికి బదులు మరేదీ పెట్టకపోతే కండ కరిగిపోతుంది, కాళ్లలో సత్తువ తగ్గి పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. అందువల్ల ముందుగా చూడవలసింది అన్నం ఎంత అన్నది కాదు, అన్నంతో పాటు కంచంలో ఏముంది అన్నది.

2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో రేషన్ కార్డులో పేరున్న ఒక్కొక్కరికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా అందుతోంది. అంటే రోజుకు 200 గ్రాములు. వాటి నుంచి సుమారు 700 కిలోకేలరీల శక్తి వస్తుంది గానీ, మాంసకృత్తులు 15 గ్రాములకు మించి రావు. యాభై కిలోల బరువున్న పెద్దవారికి రోజుకు దాదాపు 50 గ్రాములు అవసరం. తక్కువపడిన ఆ 35 గ్రాములను పూడ్చడానికే ఇంట్లో ఉన్న డబ్బును ముందుగా ఖర్చు పెట్టాలి.

ఆ లెక్క అందనిదేమీ కాదు. యాభై గ్రాముల పప్పులో 11 గ్రాములు, ఒక కోడిగుడ్డులో 6, గుప్పెడు పల్లీలలో 7, గుప్పెడు శనగలలో 6, చిన్న గిన్నెడు పెరుగులో 3 గ్రాముల చొప్పున మాంసకృత్తులు ఉంటాయి. పళ్లు లేనివారికి పల్లీలను పొడిగానో పచ్చడిగానో చేసి, శనగలను నానబెట్టి మెత్తగా ఉడికించి పెట్టాలి. కందిపప్పు ధర అందనప్పుడు పెసరపప్పు వండవచ్చు, అది త్వరగా ఉడుకుతుంది కనుక గ్యాసు కూడా కలిసివస్తుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా పప్పు, గుడ్లు పెంచకూడదు.

వడ్డించేటప్పుడు కంచంలో సగానికి కూర, ఆకుకూర ఉండాలి. మిగిలిన సగంలో ఒక భాగం పప్పు లేదా గుడ్డు, ఒక భాగం అన్నం పెట్టాలి. చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా ఉంటుంది: కంచం నిండా అన్నం, దాని మీద పచ్చిపులుసు, పక్కన మామిడికాయ తొక్కు. అటువంటి భోజనం తర్వాత రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరుగుతుంది, తొక్కులోని ఉప్పు బీపీని పెంచుతుంది. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటకూడదు, తొక్కు, అప్పడాలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. తోటకూర, పాలకూర సాయంత్రం పొద్దుపోయాక కొంత చవకగా దొరుకుతాయి, మునగాకు కొన్ని చోట్ల ఊరికే దొరుకుతుంది.

రాగిజావ ఎంత తాగినా షుగరు పెరగదన్న నమ్మకం బస్తీల్లో బలంగా ఉంది, అది నిజం కాదు. మెత్తటి పిండితో కాచిన పలుచని జావ తొందరగా అరిగి షుగరును వేగంగా పెంచుతుంది. దానికంటే పప్పుతో తినే జొన్నరొట్టె మేలు. చక్కెరకు బదులు బెల్లం వాడినా ఫలితం మారదు. రోజుకు నాలుగు కప్పుల చాయ్, కప్పుకు రెండు చెంచాల చక్కెర చొప్పున తాగేవారు ముందు అక్కడే తగ్గించుకోవాలి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది మాత్రకూ భోజనానికీ ఉన్న సంబంధం. కోడలు, కొడుకు పనికి వెళ్లాక ఒంటరిగా ఉండే పెద్దవారు మాత్ర వేసుకుని తినకుండా పడుకోవడం మామూలే. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ తీసుకుని తినకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే వెంటనే మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత కూడా తగ్గకపోతే మళ్లీ ఇచ్చి, కుదుటపడ్డాక అన్నం పెట్టాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోన్ చేయాలి. పనికి వెళ్లేవారు మధ్యాహ్నపు భోజనాన్ని పెద్దవారి చేతికి అందే ఎత్తులో, సులువుగా తెరుచుకునే గిన్నెలో పెట్టి వెళ్లడం చిన్న పనే అయినా ఎంతో మేలు చేస్తుంది.

ప్రభుత్వం నడిపే బస్తీ దవాఖానాలో పరీక్షలు, మందులు ఉచితం. షుగరు, బీపీ ఉన్నాయని ఇంకా తేలనివారికి పరగడుపు షుగరు 126, బీపీ 140/90, లేదా అంతకు మించితే నిర్ధారణకు మళ్లీ చూపించుకోవాలి. వాడుతున్న మాత్రల పట్టీలన్నీ వెంట తీసుకెళ్లాలి. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర ఏళ్ల తరబడి వాడుతూ అరికాళ్లలో తిమ్మిర్లు ఉన్నవారు విటమిన్ బి12 పరీక్ష గురించి అడగాలి. పరగడుపు పరీక్ష ఉన్న రోజు, వైద్యుడు వేరుగా చెప్పకపోతే, షుగరు మాత్రను రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. దవాఖానాలో వరుస ఎంత పొడుగున్నా రక్తం ఇవ్వగానే తినేందుకు రెండు ఇడ్లీలో, రొట్టో డబ్బాలో కట్టుకుని వెళ్లాలి.