వానాకాలం జ్వరాలు: పీసీఆర్ పరీక్షకు శాంపిల్ పంపే ముందు

తొలకరి పడిన కొద్ది వారాలకే పీహెచ్‌సీల ముందు జ్వరాల వాళ్లు బారులు తీరతారు. డెంగీ, చికున్‌గున్యా, ఫ్లూ, వాటి వెనకే స్క్రబ్ టైఫస్, లెప్టోస్పైరోసిస్. వీటన్నిటికీ ఇప్పుడు పీసీఆర్ (క్రిమి జన్యు పదార్థాన్ని పట్టే పరీక్ష) ఉంది. తిరుపతి స్విమ్స్, హైదరాబాద్ గాంధీ, ఉస్మానియా వైద్య కళాశాలల్లాంటి చోట్ల వైరాలజీ ల్యాబులు పనిచేస్తున్నాయి. కానీ మనం ట్యూబులో పంపని వైరస్‌ను అక్కడి ఏ యంత్రమూ చూపించలేదు. దారిలో ఆర్ఎన్ఏ (వైరస్ జన్యు పదార్థం) చెడిపోయినా రిపోర్టులో నెగెటివ్ అనే రావచ్చు. శాంపిల్ సరిగా లేదని పట్టే కంట్రోల్ కొన్ని కిట్లలో ఉంటుంది గానీ, అన్ని పొరపాట్లూ దానికి దొరకవు. అసలు నెగెటివ్‌కీ, మన చేతిలో పాడైన శాంపిల్ ఇచ్చిన నెగెటివ్‌కీ కాగితం మీద తేడా ఉండదు. ల్యాబ్ టెక్నీషియన్లు, స్టాఫ్ నర్సులు, ఏఎన్ఎంలు వానలు ముదరకముందే ఈ విషయాలు ఒకసారి సరిచూసుకోవాలని నా విన్నపం.

సూది పట్టుకునే ముందు అడగాల్సింది జ్వరం ఎన్నో రోజని. డెంగీ వైరస్ రక్తంలో బాగా దొరికేది మొదటి అయిదు రోజులే. ఎన్ఎస్1 (వైరస్ ప్రొటీన్‌ను పట్టే పరీక్ష), పీసీఆర్ అప్పుడే పనికొస్తాయి. ఆ తర్వాత ఐజీఎం ఎలీసాకి (రక్తంలోని యాంటీబాడీల పరీక్ష) పంపాలి. "మొన్నటి నుంచండీ" అంటే రెండు రోజులూ కావచ్చు, వారమూ కావచ్చు. సంత రోజు బాగానే ఉన్నారా, ఆదివారం పనికి వెళ్లారా అని అడిగితే అసలు తేదీ తేలుతుంది. ఆసుపత్రికి వచ్చిన తేదీ కాకుండా జ్వరం మొదలైన తేదీనే ఫారంలో రాయండి. లెప్టోకి మొదటి వారంలో రక్తం, తర్వాత మూత్రం.

స్క్రబ్ టైఫస్ అనుమానం ఉంటే బట్టలు అడ్డం లేకుండా చూడాలి. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, నడుము పట్టీ దగ్గర నల్లటి పెచ్చు కట్టిన చిన్న పుండు ఉందేమో వెతకండి. ఈ జబ్బు అంటించే చిన్న పురుగు కాటు నొప్పి పెట్టదు కాబట్టి రోగికే తెలియదు. ఆ పెచ్చు దొరికితే పీసీఆర్‌కి రక్తం కన్నా అదే మంచి శాంపిల్. మందు మొదలుపెట్టక ముందు తీస్తే మేలు. అయితే రిపోర్టు కోసం డాక్సీసైక్లిన్ ఆపి కూర్చోవడం మాత్రం ప్రమాదం. తీయగలిగితే తీసి, డాక్టరు చెప్పిన మందు వెంటనే వేయండి.

పీసీఆర్‌కి రక్తం పర్పుల్ మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో తీయాలి. ఆకుపచ్చ మూత ట్యూబులో ఉండే హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. ఎలీసాకి ఎర్ర మూత లేదా పసుపు మూత ట్యూబులో విడిగా తీయండి. ఒక ట్యూబులోది ఇంకోదాంట్లో పోయొద్దు. గీత దాకా నింపి, ఎనిమిది పది సార్లు నెమ్మదిగా తలకిందులు చేస్తే చాలు. గట్టిగా ఊపితే ఎర్రకణాలు పగిలిపోతాయి, బయటికొచ్చిన హీమ్ కూడా పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. గొంతు, ముక్కు స్వాబులకి పాలిస్టర్ లేదా నైలాన్ మొన ఉన్నవే వాడాలి. చెక్కపుల్ల, దూది పుల్ల పనికిరావు. ముక్కులో స్వాబు పైకి కాదు, చెవి వైపుకు నేరుగా వెళ్లాలి. పీసీఆర్ అతి కొద్ది వైరస్‌నైనా పట్టేస్తుంది కాబట్టి రోగికీ రోగికీ మధ్య గ్లౌజులు మార్చకపోతే ఒకరి జబ్బు ఇంకొకరి రిపోర్టులో కనబడుతుంది.

ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు లక్ష్ములు ఉండటం మనకు కొత్త కాదు. పేరు, వయసు, తండ్రి లేదా భర్త పేరు, ఐడీ నంబరు ట్యూబు మీదే, రోగి ఎదురుగానే రాయాలి. మూత మీద రాస్తే మూతలు మారినప్పుడు మనుషులూ మారిపోతారు. ఐస్ తడికి చెరగని మార్కరు వాడండి.

నేను ఎక్కువ భయపడేది ఐస్ దగ్గర. చల్లగా ఉంటే మంచిదని గడ్డకట్టిన ఐస్ ప్యాక్‌ని నేరుగా ట్యూబుకి ఆనిస్తే రక్తం కూడా ఐసులా గట్టిపడి, కరిగేటప్పటికి కణాలన్నీ పగిలిపోతాయి. మధ్యలో అట్ట గానీ మందంగా దూది గానీ పెట్టండి. కావలసింది 2 నుంచి 8 డిగ్రీలు. వీటీఎంలో (వైరస్‌ను కాపాడే ద్రావణం) ఉన్న స్వాబు ఆ చల్లదనంలో 72 గంటల్లోపు ల్యాబుకు చేరాలి. అంతకన్నా ఆలస్యమైతే మైనస్ 70 డిగ్రీల ఫ్రీజరే దిక్కు. ఇంట్లో వాడే రకం ఫ్రీజర్‌లో మంచు తనంతట తానే కరుగుతూ కడుతూ ఉంటుంది, అందులో పెడితే ఆర్ఎన్ఏ దెబ్బతింటుంది. టీకాలు దాచే ఐఎల్ఆర్ ఫ్రిజ్‌లో శాంపిళ్లు పెట్టనే కూడదు, ఎంత అవసరమొచ్చినా సరే. శాంపిళ్లకు విడిగా ఫ్రిజ్, విడిగా బాక్సు ఇప్పుడే అడిగి తెప్పించుకోండి.

ప్యాకింగ్ మూడు పొరలు. మూత బిగించి పారాఫిల్మ్ (సాగే పలుచటి పొర) చుట్టిన ట్యూబు, దాని చుట్టూ ట్యూబు పగిలితే మొత్తం పీల్చుకోగలిగినంత దూది, అది కారని రెండో డబ్బాలో, ఆ డబ్బా గట్టి పెట్టెలో. ఐస్ రెండో డబ్బాకి బయటే ఉండాలి. ఫారం జిప్ కవరులో వేసి డబ్బా బయట పెట్టండి, ట్యూబుతో కలపొద్దు. పెట్టె మీద యూఎన్ 3373 గుర్తు (లోపల రోగి శాంపిల్ ఉందని చెప్పేది) అంటించండి. పొడి మంచు (డ్రై ఐస్) వాడితే పెట్టె పూర్తిగా మూసేయకూడదు, గ్యాస్ పోయే దారి లేకపోతే పేలుతుంది.

ఏజెన్సీ మండలాల్లో వాగు పొంగితే బండి రోజంతా ఆగిపోవచ్చు. బయల్దేరే ముందు రోడ్డు సంగతి కనుక్కొని, ల్యాబుకు ఫోన్ చేసి తీసుకునే మనిషి ఉన్నారో లేదో అడగండి. సెలవుకు ముందు సాయంత్రం పంపడం మానండి. అదనంగా రెండు ఐస్ ప్యాకులు బండిలో ఉంచండి. పెట్టె నుంచి తడి కారుతున్నట్టు కనిపిస్తే డ్రైవరు తెరవకూడదని, ఎవరికి ఫోన్ చేయాలో అతనికి ముందే చెప్పండి. ఒలికిన చోట దూది కప్పి, 1 శాతం హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణం) పోసి, అరగంట ఆగాకే గ్లౌజులతో తుడవాలి. సూది గుచ్చుకుంటే నొక్కొద్దు, సబ్బుతో పారే నీటి కింద కడిగి వెంటనే డాక్టరుకి చెప్పండి. హెచ్ఐవీ నివారణ మందు అవసరమైతే మొదటి రెండు గంటల్లో మొదలైతే మంచిది, 72 గంటలు దాటితే దానితో ఉపయోగం ఉండదు.