అంగన్‌వాడీ వయసు పిల్లలకు వీడియోలు ఎంచుకోవడం ఎలా? ఒడిశా సరిహద్దు తెలుగు ఇళ్ల కోసం

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగు ఇళ్లలో పెరిగే మూడేళ్ల పిల్లల చెవిన రోజూ మూడు నాలుగు భాషలు పడతాయి. ఇంట్లో తెలుగు, వీధిలోనూ అంగన్‌వాడీలోనూ ఒడియా, టీవీ కార్టూన్లలో హిందీ, నర్సరీలో చేరితే ఇంగ్లీషు రైమ్స్. ఇది పిల్లలకు భారం కాదు, వాళ్లకు దొరికిన లాభం. చిక్కంతా ఫోనుతోనే. "పిల్లల పాటలు" అని వెతికితే పై వరసలో వచ్చేవి ఎక్కువమంది చూసినవే తప్ప, మన పిల్లకు పనికొచ్చేవని ఎవరూ ఏరి పెట్టినవి కావు. ఆ ఏరే పని ఇంట్లో పెద్దవాళ్లే చెయ్యాలి. ఏరేటప్పుడు నేను అన్నిటికంటే ముందు చూసేది ఒక్కటే: ఇది చూశాక పిల్ల మనతో మాట్లాడుతుందా, లేక నోరు మూసుకుని ఇంకో వీడియో కోసం చూస్తుందా?

ముందు వయసు చూడండి

రెండేళ్లు నిండని పిల్లలకు వీడియోలు అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏడాదిలోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దు, ఏడాది పిల్లలకూ మంచిది కాదు. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట దాటకూడదు, తగ్గితే ఇంకా మంచిది. మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా దాదాపు ఇదే మాట చెబుతోంది. పాతపట్నంలోనో పార్వతీపురంలోనో ఉన్న అమ్మమ్మతో వీడియో కాల్ మాత్రం వేరు. అవతల మనిషి పిల్ల మాటకు బదులు పలుకుతుంది కాబట్టి చిన్నపిల్లలకూ పరవాలేదు.

ఇంత చిన్నప్పుడు ఎందుకు వద్దంటారంటే, రెండు రెండున్నరేళ్ల లోపు పిల్లలు తెర మీద చూసి నేర్చుకునేది చాలా తక్కువ. అదే పని ఎదురుగా ఒక మనిషి చేసి చూపిస్తే చప్పున పట్టుకుంటారు.

ఏ భాష వీడియో దేనికో అనుకోండి

అన్ని భాషలవీ కలిపి పెట్టెయ్యకండి. ఒక్కో భాషతో పిల్లకు ఏం పనుందో ఆలోచించండి. త్వరలో అంగన్‌వాడీకో ఒడియా మీడియం బడికో పంపుతున్నారనుకోండి. నీళ్లు, అన్నం, రా, కూర్చో లాంటి మాటలు, కుకుర (కుక్క), బిలెయి (పిల్లి), గాఈ (ఆవు) లాంటి జంతువుల పేర్లు, ఒకటి రెండు పాటలు ఒడియాలో వినిపిస్తే మొదటి వారం ఏడుపు తగ్గుతుంది. ఇంగ్లీషు రైమ్స్ గురించి మాత్రం టెన్షన్ పడొద్దు. ఏ నర్సరీలో చేర్చినా అవే ముందు నేర్పుతారు. ఇంట్లో వీడియోలకు ఇచ్చే కాస్త సమయమూ వాటికే పెట్టెయ్యడం నాకు నచ్చదు.

తెలుగు సంగతి వేరు. బడిలో చెప్పే భాష ఒడియా అయినప్పుడు, తెలుగు కథ వినే చోటు ఇల్లొక్కటే. అందుకే మా వైపు ఇళ్లలో వీడియో వాటాలో సగానికి పైగా తెలుగు కథలకే ఇవ్వమంటాను. అదీ మాట్లాడుకునే తెలుగులో ఉండాలి. "ఒకానొక అడవియందు ఒక సింహము కలదు" అంటూ మొదలయ్యే కథ నాలుగేళ్ల పిల్లకు అంటదు. "అడవిలో ఒక సింహం ఉండేది. దానికి బాగా ఆకలేసింది" అంటే కళ్లు పెద్దవి చేసి వింటుంది. గిడుగు రామమూర్తి గారు ఈ పర్లాకిమిడిలోనే ఉద్యోగం చేస్తూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. పిల్లకు చదువు ఇంటి మాటతోనే మొదలవ్వాలన్న పట్టుదల ఈ నేల మీద వందేళ్లకు ముందే ఉంది.

పిల్ల ఇంట్లో "ఏటి?" అని అడిగి, వీడియోలో "ఏమిటి?" అని వింటే కంగారేం లేదు. రెండూ వస్తాయి. ఇంటి యాసను తప్పని దిద్దకండి.

పిల్ల కంటే ముందు మీరు చూడండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. పిల్ల నిద్రపోయాక చేసుకోండి, ఒక్కో వీడియోకు మూడు నాలుగు నిమిషాలు చాలు.

మొదటి నిమిషం సౌండ్ తీసేసి చూడండి. బొమ్మ ఎన్నిసార్లు మారుతోందో వేళ్ల మీద లెక్కపెట్టండి. రెండు మూడు సెకన్లకోసారి కొత్త బొమ్మ, కొత్త రంగు, మెరుపులు వస్తుంటే పక్కన పెట్టెయ్యండి. 2011లో పీడియాట్రిక్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. నాలుగేళ్ల పిల్లలు కొందరికి తొమ్మిది నిమిషాల పాటు చాలా వేగంగా సాగే కార్టూన్ చూపించారు, కొందరికి నెమ్మదిగా సాగే విద్యా కార్టూన్ చూపించారు, మిగిలినవాళ్ల చేత బొమ్మలు వేయించారు. ఆ వెంటనే ఓపిక పట్టడం, చెప్పింది గుర్తుపెట్టుకుని చెయ్యడం లాంటి పనులు ఇస్తే, వేగం కార్టూన్ చూసినవాళ్లే వెనకబడ్డారు. అది అప్పటికప్పుడు కనిపించిన ప్రభావం. అన్నం పెట్టే ముందో అంగన్‌వాడీకి బయల్దేరే ముందో అలాంటివి పెడితే ఆ తర్వాత పిల్ల మాట వినకపోవడం మన ఇళ్లలోనూ చూస్తూనే ఉంటాం.

తర్వాత సౌండ్ పెట్టి, తెర చూడకుండా వినండి. చెప్పేది మనిషి గొంతేనా? ఈమధ్య మిషన్ గొంతుతో చేసిన తెలుగు వీడియోలు చాలా వస్తున్నాయి. వాటిలో "ఏనుగు" కాస్తా "ఎనుగు" అవుతుంది, "పళ్లు" కాస్తా "పల్లు" అవుతాయి. "ళ", "ణ" పలికే మాటలు రెండు మూడు విని చూస్తే తెలిసిపోతుంది. ఒడియాలోనూ ఈ రెండు శబ్దాలు ఉన్నాయి కాబట్టి అక్కడా ఇదే పరీక్ష. మాట నేర్చుకునే వయసులో తప్పు పలుకు వినిపించడం కంటే ఏమీ వినిపించకపోవడమే నయం.

గొంతు బాగుందనుకుంటే, మధ్యలో ఆగుతుందో లేదో చూడండి. నాకు నచ్చే రకం వీడియోలో తెర మీద ఒక బుట్ట, బుట్టలో మామిడిపళ్లు. "ఎన్ని ఉన్నాయో చెప్పు" అని అడిగి నాలుగైదు సెకన్లు మౌనంగా ఉంటుంది. తర్వాత ఒక్కో పండూ తీసి పక్కన పెడుతూ లెక్కిస్తుంది. నచ్చని రకంలో అవే పళ్లు డాన్స్ చేస్తూ దూసుకుపోతాయి, వెనక మ్యూజిక్ దంచేస్తుంది, ఇరవై దాకా అంకెలు నిమిషంలో అయిపోతాయి. రెండో దాంట్లో అంకెలు ఎక్కువే ఉన్నాయి కానీ, పిల్లకు వేలు పెట్టి లెక్కపెట్టే సందే లేదు.

కథ దేని గురించో కూడా చూసుకోండి. ఒకరినొకరు కొట్టుకుని నవ్వడం, భయపెట్టడం, అల్లరి చేస్తే ఇంజక్షన్ వేస్తానని బెదిరించడం, బొమ్మల డబ్బాలు విప్పుతూ కొనుక్కోమన్నట్టు ఊరించడం ఉంటే వద్దు. పేరులో "లెర్నింగ్" అని ఉన్నంత మాత్రాన చదువు చెప్పే వీడియో అయిపోదు. మూడేళ్లకే అక్షరాలు దిద్దించే వీడియోల కోసం వెతక్కండి. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా ఆటకు, మాటకు, కథకు పెద్దపీట వేసింది.

ఎక్కడ వెతకాలి

నేను మొదట చూపించేది ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్. 2015లో మొదలైన ఈ వేదికలో బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి, తెలుగులోనూ ఒడియాలోనూ. కొన్నిటికి చదివి వినిపించే వీడియో రూపం కూడా ఉంది. మన సరిహద్దు ఇళ్లకు దీనితో ఇంకో వీలుంది. రెండు భాషల్లోనూ ఉన్న కథను ఎంచుకుని, తెలుగులో మీరు చదవండి, ఒడియాలో పక్కింటి అక్క చేత చదివించండి. బొమ్మలు అవే కాబట్టి పిల్ల రెండో భాషను దానంతటదే అందుకుంటుంది.

కేంద్ర విద్యాశాఖ వారి దీక్షా యాప్‌లోనూ తెలుగు, ఒడియా పాఠాలున్నాయి, డౌన్‌లోడ్ చేసి నెట్ లేకుండా చూపించవచ్చు. గజపతి జిల్లా కొండ ఊళ్లలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి, టౌనుకు వచ్చినప్పుడు దించుకుని పెట్టుకోండి.

ఫోను సిద్ధం చేయండి

మామూలు యూట్యూబ్ పిల్ల చేతికి ఇవ్వకండి. యూట్యూబ్ కిడ్స్ వేరే యాప్. అందులో పిల్ల పేరు మీద ప్రొఫైల్ పెట్టి, నాలుగేళ్లూ ఆ లోపు వాళ్లకు ఉద్దేశించిన ప్రీస్కూల్ ఎంచుకోవచ్చు. నా ఓటు మాత్రం దానికి కాదు. సెట్టింగ్స్‌లో మీరు ఒప్పుకున్న వీడియోలు మాత్రమే కనిపించే పద్ధతి ఉంది. అది పెడితే వెతుకులాట దానంతటదే ఆగిపోతుంది, మీరు ఏరిన చానెళ్లూ వీడియోలే కనిపిస్తాయి. ఎనిమిదో పదో వీడియోలు పెడితే చాలు. "అంతేనా?" అనిపిస్తుంది కానీ, ఈ వయసు పిల్లలకు ఒకే కథ మళ్లీ మళ్లీ చూస్తేనే బాగా అర్థమవుతుంది. కొత్తది కావాలన్న తొందర మనదే. టైమర్ పెట్టండి, పాస్‌కోడ్ మీ దగ్గరే ఉంచుకోండి. ఎప్పుడైనా మామూలు యూట్యూబ్‌లో చూపించాల్సి వస్తే ఆటోప్లే ఆపేసి, ఫోను మీ చేతిలోనే ఉంచుకోండి.

పక్కన కూర్చోండి

కథ సాగుతుండగా ఒకటి రెండు సార్లు ఆపి మాట్లాడండి. పాప తెర మీద పిల్లిని చూసి "బిలెయి!" అంది. "కాదు, పిల్లి అనాలి" అనొద్దు. "అవునమ్మా, పిల్లి. పిల్లి ఎక్కడికెళ్తోంది?" అనండి. ఆమె ఒడియా మాట తప్పు కాలేదు, తెలుగు మాటా చెవిన పడింది, మాట ముందుకు సాగింది. వీడియో అయిపోయాక తెర ఆపేసి, "పిల్లి పాలెందుకు ఒలకబోసింది?" అని అడగండి. తనకు తోచినట్టు ఏదో చెబితే ఆ వీడియో ఉంచుకోవచ్చు. రెండు మూడు రోజులు చూశాక కూడా ఏమీ చెప్పకుండా "ఇంకోటి, ఇంకోటి" అని గోల పెడితే లిస్టులోంచి తీసెయ్యండి. తర్వాత వంటింట్లోకి పిలిచి ఉల్లిపాయలు లెక్కపెట్టిస్తే, వీడియోలో విన్న అంకె అప్పుడు చేతిలోకి వస్తుంది.

అన్నం తినేటప్పుడు వద్దు, పడుకునే ముందు గంట వద్దు. ఎవరూ చూడకుండా టీవీ మోగుతుంటే ఆపెయ్యండి, అది మోగుతున్నంతసేపు పెద్దవాళ్లు పిల్లలతో మాట్లాడే మాటలే తగ్గిపోతాయి.

అమ్మానాన్నలిద్దరూ డ్యూటీకి వెళ్లే ఇళ్లలో ఫోను మామ్మ చేతిలో ఉంటుంది. "అత్తా, ఈ బొమ్మ నొక్కండి, ఇవి తప్ప వేరేవి రావు. టైం అయ్యాక అదే ఆగిపోతుంది" అని ఒక్కసారి దగ్గరుండి చూపిస్తే చాలు. "నాకు తెలీదమ్మా ఈ ఫోన్లు" అన్నవాళ్లే వారంలో మనవరాలితో కలిసి కథ చెబుతూ కనిపిస్తారు.

మీ ఇంటి వీడియో మీరే తీయండి

ఇది నాకు చాలా ఇష్టమైన పద్ధతి. తాతయ్యనో మామ్మనో పగటి వెలుతురులో కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి, ఫోను అడ్డంగా పట్టుకుని, పిల్ల కళ్ల ఎత్తులో పెట్టండి. ఫ్యాను ఆపండి, లేకపోతే మాట సరిగా వినిపించదు. మూడు నిమిషాల కథ చాలు. పిల్లను పేరుతో పిలిచి, మధ్యలో "తర్వాత ఏమైందో తెలుసా?" అని అడిగి, కాసేపు ఆగమనండి. అందులో మన ఊరి సంత, రైలు స్టేషను, మజ్జిగౌరమ్మ గుడి వస్తే పిల్లకు అంతా తెలిసిన లోకమే. వీటిని ఎక్కడా అప్‌లోడ్ చెయ్యొద్దు, ఇంట్లో వాళ్ల ఫోన్లలో ఉంటే చాలు.

మాటలు ఆలస్యమైతే

మా వైపు తరచూ వినే మాట: "రెండు భాషలు కలగాపులగం అయిపోయి మాటలు రావట్లేదు, ఒక్క భాషే మాట్లాడండి." ఇది నిజం కాదు. రెండు మూడు భాషలు వినడం వల్ల పిల్లలకు మాటలు ఆలస్యం కావు. ఒకే వాక్యంలో ఒడియా, తెలుగు కలిపేయడం మామూలే. పిల్లకు వచ్చిన మాటలు లెక్కపెట్టేటప్పుడు అన్ని భాషలవీ కలిపి లెక్కపెట్టండి. అలా లెక్కపెట్టినా రెండేళ్లు నిండేసరికి "అమ్మా రా", "పాణి దే" (నీళ్లివ్వు) లాంటి రెండు మాటల ముక్కలు రాకపోతే, పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోతే, వచ్చిన మాటలు పోతుంటే, మాటలు నేర్పే వీడియోలు వెతుకుతూ నెలలు గడపకండి. ముందు చెవి పరీక్ష చేయించండి, పిల్లల డాక్టరుకు చూపించండి. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లల్ని ఉచితంగా చూస్తాయి. ఎప్పుడొస్తారో అంగన్‌వాడీ దీదీని అడిగి, ఆ రోజు పిల్లను తప్పకుండా తీసుకెళ్లండి. అవసరమైతే అక్కడి నుంచే జిల్లా ఆసుపత్రిలోని కేంద్రానికి రాసి పంపిస్తారు.