అడాప్టర్ పోయిందా? పిన్ పట్టింది కదా అని పెట్టేయకండి

వైఫై రౌటర్ లైట్లు వెలగవు, అడాప్టర్ పోయిందేమో అని టీవీ కింద సొరుగు లాగితే పాతవి నాలుగైదు కనిపిస్తాయి, వాటిలో ఒకదాని పిన్ సరిగ్గా పడుతుంది. అక్కడే ఆగండి. నేను ఆగలేదు. 5 వోల్టులతో నడిచే చిన్న నెట్‌వర్క్ స్విచ్‌కి సెట్‌టాప్ బాక్స్ తాలూకు 12 వోల్టుల అడాప్టర్ పెట్టేశాను, పిన్ చక్కగా దిగింది, కాసేపటికే మాడిన వాసన వచ్చింది, ఆ స్విచ్ మళ్లీ పనిచేయలేదు. ఒకే సైజు పిన్‌తో 5, 9, 12 వోల్టుల అడాప్టర్లన్నీ దొరుకుతాయి కాబట్టి పిన్‌ని నమ్మి లాభం లేదు.

ముందుగా రౌటర్‌ని తిరగేసి అడుగున ఉన్న లేబుల్ చదవండి. ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని ఉంటుంది, ఉదాహరణకు 12 వోల్టులు, 1 ఆంపియర్. అక్షరాలు చెరిగిపోతే మోడల్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో వెతకండి. ఆ తర్వాత అడాప్టర్ మీద చూడండి. అక్కడ రెండు వరుసలుంటాయి: ఇన్‌పుట్ అంటే గోడలోంచి వచ్చే కరెంటు, అవుట్‌పుట్ అంటే మీ వస్తువుకి అందేది. రౌటర్ లేబుల్‌తో పోల్చాల్సింది అవుట్‌పుట్‌ని.

వోల్టులు సమానంగా ఉండాలి, ఇందులో సర్దుబాటు వద్దు. ఆంపియర్లు మాత్రం సమానంగా ఉన్నా, ఎక్కువ ఉన్నా ఫర్వాలేదు. 2 ఆంపియర్ల అడాప్టర్ పెడితే రౌటర్ కాలిపోతుందేమో అని చాలామంది టెన్షన్ పడతారు, కానీ వస్తువు తనకి కావాల్సినంతే తీసుకుంటుంది, అడాప్టర్ ఎక్కువ తోయదు. తక్కువైతేనే ఇబ్బంది: 1 ఆంపియర్ కావాల్సిన చోట అర ఆంపియర్‌ది పెడితే అడాప్టర్ వేడెక్కుతుంది, రౌటర్ మాటిమాటికీ దానంతటదే ఆగి మొదలవుతుంది, మనమేమో నెట్ బాగాలేదని ఫోన్ చేసి గొడవపడతాం.

ఇక ధ్రువాలు. లేబుల్ మీద చిన్న బొమ్మ ఉంటుంది: మధ్యలో చుక్క, దాని చుట్టూ అర్ధచంద్రంలాంటి గీత, ఒకవైపు ప్లస్, మరోవైపు మైనస్. చుక్కకి కలిసిన గుర్తు ఏదైతే పిన్ లోపలి భాగం అదే. రౌటర్లకి ఎక్కువగా లోపల ప్లస్సే, గిటార్ పెడల్స్‌కి మాత్రం లోపల మైనస్ ఉండటం మామూలు. వస్తువు మీద, అడాప్టర్ మీద ఒకే బొమ్మ ఉండాలి. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే దాన్ని డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) వోల్టుల్లో పెట్టి ఎర్ర తీగ పిన్ లోపల, నల్లది బయట ఆనించండి. అంకె ముందు మైనస్ వస్తే లోపలిది మైనస్ అన్నమాట. రెండు తీగలూ ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. కొన్ని పాత పరికరాలకి ఏసీ (దిశ మారుతూ ఉండే కరెంటు) అవుట్‌పుట్ కావాలి, వాటికి డీసీది పనికిరాదు.

పిన్ కొలత చివర్లో. బయట 5.5 మిల్లీమీటర్లున్నా లోపలి రంధ్రం 2.1 ఉండొచ్చు, 2.5 ఉండొచ్చు. 2.5ది 2.1 సాకెట్‌లోకి దూరుతుంది కానీ వదులుగా ఉండి, కదిలితే కరెంటు పోతుంది. పాతది షాపుకి పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి చూడటమే మేలు.

అమెరికా నుంచి ఎవరైనా తెచ్చిన వస్తువైతే ఇన్‌పుట్ వరుస కూడా తప్పకుండా చదవండి. 100-240 అని ఉంటే మన 230 వోల్టులకి పనికొస్తుంది, ప్లగ్ ఆకారం మార్చే కన్వర్టర్ చాలు. 120 అని మాత్రమే ఉంటే గోడకి పెట్టొద్దు, ఆ కన్వర్టర్ వోల్టేజీని తగ్గించదు.

యూఎస్‌బీ-సీ ల్యాప్‌టాప్‌లకి ఇంత తలనొప్పి లేదు, ఎన్ని వోల్టులన్నది ఛార్జరూ ల్యాప్‌టాపూ మాట్లాడుకుంటాయి. ల్యాప్‌టాప్ 65 వాట్లు అడిగితే 65 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న ఛార్జర్, దానికి తగ్గ కేబుల్ కొనండి.

అడాప్టర్ కొనేటప్పుడు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దానితోపాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూడండి. రోజంతా ప్లగ్‌లోనే ఉండే వస్తువు ఇది, పదీ ఇరవై మిగులుతాయని పేరూ ఊరూ లేనిది తేవద్దు. పెట్టాక అరగంట ఆగి చేత్తో తాకండి. గోరువెచ్చగా ఉంటే మామూలే, పట్టుకోలేనంత కాలుతుంటే వెంటనే స్విచ్ కట్టేసి తీసేయండి. అంతా బాగుంటే అడాప్టర్ మీద చిన్న కాగితం అతికించి, అది ఏ వస్తువుదో రాసి పెట్టండి.