వానలు మొదలయ్యేలోపు పాత సముద్రతీర తైలవర్ణ చిత్రాన్ని కాపాడుకోవడం

నూరేళ్ల నాటి ఇంప్రెషనిస్టు (క్షణంలో మారే వెలుగును చురుకైన కుంచె గీతలతో పట్టే శైలి) తైలవర్ణ చిత్రం ఇంట్లో ఉన్నవారు, ముఖ్యంగా విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల్లో ఉండేవారు, మే నెలలోనే దాన్ని గోడ మీద నుంచి దించి చూడాలి. చీకటి గదిలో టార్చిలైటును పక్కనుంచి వేస్తే రంగు ఎక్కడ పెచ్చులుగా లేస్తోందో స్పష్టంగా తెలుస్తుంది. ఆ వెలుగులోనే ఫొటోలు తీసి ఉంచుకోండి. వానలు తగ్గాక పోల్చి చూసుకోవడానికి అవే ఆధారం.

ఇలాంటి చిత్రాల్లో సాధారణంగా అవిసెనార గుడ్డ మీద జంతువుల జిగురు పూత, దానిపై తెల్లటి పూత, ఆపైన రంగు ఉంటాయి. ముసురు పట్టినప్పుడు జిగురు తేమ పీల్చి మెత్తబడుతుంది, గుడ్డ వదులవుతుంది. ఎండిపోయిన రంగు ఆ కదలికను తట్టుకోలేక పగులుతుంది. అలలనూ మబ్బులనూ దిట్టమైన రంగుతో వేసిన చోట్ల మరీ కనిపెట్టి చూడాలి. వదులైన గుడ్డను బిగించాలని వెనకనున్న చెక్క చీలలను వానాకాలంలో కొట్టకండి. పొడి రోజులు రాగానే జిగురు కుంచించుకుని గుడ్డ మితిమీరి బిగుస్తుంది, పగుళ్లు పెరుగుతాయి.

తుడవడం విషయంలో నేను గట్టిగానే చెబుతాను: తడిగుడ్డ, బంగాళాదుంప ముక్క, స్పిరిటు, ఏదీ వద్దు. ఇంప్రెషనిస్టు చిత్రకారుడు మోనే 1870లో ఫ్రాన్సులోని త్రూవీల్ తీరాన వేసిన ఒక చిత్రం ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఆనాటి బీచ్ ఇసుక రేణువులు ఇప్పటికీ దాని రంగులో ఇరుక్కునే ఉన్నాయి. మురికి అనుకుని గీకేస్తే పోయేది అలాంటి ఆనవాలే. కొత్తగా వార్నిష్ కూడా పూయించకండి. ఇంప్రెషనిస్టు చిత్రకారులు చాలామంది మెరుపులేని ఉపరితలాన్నే కోరుకున్నారు. వారిలో ఒకడైన పిస్సారో అయితే వార్నిష్ వేయవద్దని ఒక చిత్రం వెనక స్వయంగా రాశాడు. మీ చిత్రం వెనకవైపు రాతలు, చీటీలు ఉంటే వాటినీ అలాగే ఉంచండి.

వాన నేరుగా కొట్టే గోడకు, స్నానాల గదిని ఆనుకున్న గోడకు దాన్ని తగిలించకూడదు. లోపలి గోడకైనా ఫ్రేము వెనక నాలుగు మూలలా కార్కు బిళ్లలు అంటిస్తే గాలి ఆడుతుంది. తేమ కొలిచే చిన్న మీటరు గదిలో పెట్టండి. 50 శాతం దగ్గర నిలకడగా ఉంటే మేలు, 65 దాటితే బూజు భయం. రాత్రి ఏసీ వేసి పగలంతా ఆపేస్తే వచ్చే హెచ్చుతగ్గులు ఇంకా చేటు. తేమను లాగే యంత్రాన్ని నిదానంగా, ఆపకుండా నడపడం నయం. ప్లాస్టిక్‌లో చుట్టి అటక ఎక్కించడం అన్నిటికన్నా ప్రమాదం: లోపల బూజు పడుతుంది, చీకట్లో నూనె పసుపెక్కుతుంది.

రంగు రాలితే టేపు, జిగురు జోలికి పోకండి. చిత్రాన్ని ముఖం పైకి ఉండేలా బల్ల మీద పడుకోబెట్టి, రాలిన పెచ్చులను కాగితపు కవరులో దాచి, వారసత్వ సంపదను కాపాడే ఇంటాక్ వంటి సంస్థల పరిరక్షణ నిపుణులను పిలవండి. వేడి ఇస్త్రీతో వెనక కొత్త గుడ్డ అంటిస్తామనే ఫ్రేముల దుకాణానికి మాత్రం ఇవ్వకండి. ఆ వేడికి, ఒత్తిడికి ఉబ్బెత్తు కుంచె గీతలు అణిగిపోతే తిరిగి లేవవు.