నేమ్‌ప్లేటు చెరిగిపోయిన పాత వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మర్: వివరాలు రాబట్టడం ఎలా?

మాన్యువల్ లేదు, నేమ్‌ప్లేటు మీద అంకెలు సగం చెరిగిపోయాయి. ఇలాంటి యంత్రం చేతికి రాగానే అందరూ మోడల్ నంబరు పట్టుకుని పాత కేటలాగుల వెంట పడతారు. మూత విప్పి టెర్మినల్ బోర్డు, అంటే లోపలి తీగలన్నీ బిగించే పలక, చూడాలని మాత్రం ఎవరికీ తోచదు. కేటలాగు ఆ యంత్రం కొత్తగా ఉన్నప్పటి సంగతే చెబుతుంది. తర్వాత ఎవరు ఏ లింకు పట్టీని (కాయిల్స్‌ను కలిపే లోహపు పట్టీని) ఎటు మార్చారో దానికేం తెలుసు?

సమస్య: ప్లేటు చదవడానికి రావడం లేదు

వైరు బ్రష్షు పెట్టకండి, మిగిలిన అంకెలు కూడా పోతాయి. జిడ్డు తుడిచి, టార్చి పక్క నుంచి వేసి ఫోటో తీయండి. గుద్దిన అంకెలైతే పల్చని కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దితే తేలతాయి. ఆంపియర్ల పక్కనున్న శాతాన్ని వదిలేయవద్దు. 300 ఆంపియర్లు, 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలే ఆ కరెంటు. దీన్నే డ్యూటీ సైకిల్ అంటారు. ఆపకుండా నడపాలంటే దాదాపు 232 ఆంపియర్లే.

సమస్య: ప్లేటే లేదు

సరఫరా తీసేసి, ప్రైమరీకి (సరఫరా వచ్చే వైపు కాయిల్‌కు) అడ్డంగా పవర్ ఫ్యాక్టర్ కెపాసిటర్ ఉంటే డిస్చార్జ్ చేసి విడదీయండి. మరీ పాతవాటిలో విషపు నూనె ఉండవచ్చు, కోయవద్దు. తర్వాత ప్రైమరీకి 24 ఓల్టుల ఏసీ ఇచ్చి సెకండరీలో (వెల్డింగ్ వైపు కాయిల్‌లో) ఎంత వస్తుందో కొలవండి. 3.8 వస్తే, 440 ఓల్టుల మీద 70 ఓల్టులు వస్తాయని లెక్క. సెకండరీకి ఇచ్చి ప్రైమరీలో కొలిచే ప్రయోగం వద్దు, షాకు కొడుతుంది. డ్యూటీ సైకిల్ ఈ కొలతతో తేలదు. తెలియనప్పుడు తక్కువగానే అనుకోండి.

సమస్య: ఆర్క్ పట్టడం లేదు, లేదా ఆన్ చేయగానే ఫ్యూజు పోతోంది

రెండు ప్రైమరీ కాయిల్స్ ఉన్న యంత్రాల్లో లింకులు సిరీస్‌లో ఉంటే 440, ప్యారలల్‌లో ఉంటే 220. సిరీస్‌లో ఉంచి 220 ఇస్తే 70కి బదులు 35 ఓల్టులే వస్తాయి, ఎలక్ట్రోడు అతుక్కుపోతుంది. ప్యారలల్‌లో ఉంచి 440 ఇస్తే కోర్ (లోపలి ఇనుప దిమ్మ) ఇక అయస్కాంతత్వం పట్టలేక సంతృప్తమై గట్టిగా మోగుతుంది, ఫ్యూజు పోతుంది. లింకులు మార్చండి, అంతే. ఆ 35నే యంత్రం స్పెసిఫికేషన్‌గా రాసుకుని విడిభాగాలు తెప్పించేవారూ ఉన్నారు.

సమస్య: ఓల్టేజీ సరిగ్గానే ఉంది, వెల్డింగూ బాగుంది, కానీ త్వరగా వేడెక్కుతోంది

అందరినీ బోల్తా కొట్టించేది ఇదే. లింకులు ప్యారలల్‌లోనే ఉంటాయి, చూపుకు ఏ లోపమూ కనిపించదు. కానీ ఒక నట్టు కింద తుప్పో, పెయింటో, కాలిన పొరో చేరి ఒక కాయిల్ పనిలో లేకుండా పోతుంది. రెండు కాయిల్స్‌లోనూ చుట్ల సంఖ్య ఒకటే కాబట్టి ఒక్కటి మిగిలినా సెకండరీలో 70 ఓల్టులే వస్తాయి. 24 ఓల్టుల పరీక్ష కూడా ఇక్కడ మోసపోతుంది. మల్టీమీటర్ కంటిన్యుటీ మోత వింటే అంతా బాగున్నట్టే ఉంటుంది, ఎందుకంటే దాని చిన్న కరెంటుకు ఆ పలచని సంబంధం చాలు. భారమంతా ఒకే కాయిల్ మీద పడితే అందులో కరెంటు రెట్టింపు, వేడి నాలుగింతలు. వాసన వస్తుంది, థర్మల్ స్విచ్ ఉంటే ఆగిపోతుంది. అప్పుడు ‘ఈ యంత్రం డ్యూటీ సైకిల్ 20 శాతమే’ అని తీర్పు చెప్పి పక్కన పెట్టేస్తారు. వైండింగ్ చెడిందని రీవైండింగ్‌కు పంపేవారు ఇంకొందరు.

పట్టుకోవాలంటే క్లాంప్ మీటర్ (తీగ చుట్టూ తగిలించి కరెంటు కొలిచేది) కావాలి. వెల్డింగ్ జరుగుతుండగా బోర్డు నుంచి ఒక్కో కాయిల్‌కు వెళ్లే తీగ మీద విడివిడిగా కొలవండి. మొత్తం సరఫరా తీగ మీద కొలిస్తే ఏమీ తేలదు. రెండూ దాదాపు సమానంగా రావాలి. ఒకటి సున్నా అయితే దొరికినట్టే. సరఫరా తీసి, లింకు పట్టీ విప్పి, రెండు ముఖాలూ మెరిసేలా గీకి, కాలిన వాషర్ మార్చి బిగించి మళ్లీ కొలవండి.

అరుదైనవి

60 హెర్ట్జ్ యంత్రాన్ని అదే ఓల్టేజీతో 50 హెర్ట్జ్ మీద నడిపితే కోర్‌లో ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) 20 శాతం పెరుగుతుంది. 460 ఓల్టుల 60 హెర్ట్జ్ యంత్రాన్ని 50 హెర్ట్జ్‌లో 380 ఓల్టుల మీద నడిపితే మాత్రం కోర్‌కు ఆ ఇబ్బంది ఉండదు. చుట్లు లోపలే షార్ట్ అయితే రీవైండింగ్ తప్పదు. పాత తీగ విప్పే ముందే చుట్ల సంఖ్య, తీగ మందం రాసి ఉంచమనండి.