తెమారి బంతి: చేతిలో వచ్చే తిప్పలు, టేబుల్ మీద వచ్చే తిప్పలు

నేనుండేది జపాన్‌లో, మత్సుమొతో అనే ఊళ్ళో. ఇక్కడ రోడ్డు మీద మ్యాన్‌హోల్ మూతల మీద కూడా తెమారి బొమ్మే ఉంటుంది, అంటే రంగు దారాలతో కుట్టిన బంతి. ఒకప్పుడు పాత కిమోనో పీలికలు ఉండ చుట్టి, పైన దారం చుట్టి పిల్లలకి ఆడుకోడానికి ఇచ్చేవాళ్ళు. మెయిజీ కాలంలో, అంటే 1868 నుంచి 1912 దాకా, రబ్బరు బంతులొచ్చాక ఆట పోయింది, కుట్టుపని మిగిలింది. మా పేట కోమిన్‌కాన్‌లో, అంటే మన కమ్యూనిటీ హాల్ లాంటిదనుకోండి, బుధవారం బుధవారం ఏడెనిమిది మందిమి కూర్చుని కుడతాం, నేనొక్కదాన్నే తెలుగుదాన్ని, మిగతావాళ్ళంతా మా అమ్మమ్మ ఈడు వాళ్ళు. 2024 జనవరి 1న నోటో అనే ద్వీపకల్పంలో భూకంపం వచ్చాక అక్కడివాళ్ళ కోసమని ఇవి అమ్మడం మొదలుపెట్టాం.

ఇప్పుడు హైదరాబాద్‌లో మా పిన్ని కూతురు కూడా వాళ్ళ కాలనీ ఆడవాళ్ళని పోగేసి మొదలెట్టింది, రోజుకో ఫోటో, "అక్కా ఇదెందుకిలా వచ్చింది" అని. దానికి ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నా, మీ బంతికి ఏం రోగమో చూసుకుని అక్కడికెళ్ళి చదువుకోండి.

బంతి కోడిగుడ్డులా వస్తోంది

మొదటి ఫోటో ఇదే, అందరికీ మొదట ఇదే వస్తుంది. దారం ఒకే వైపు చుట్టేస్తున్నారు. టీవీ చూస్తూ చుడితే చెయ్యి తనకి అలవాటైన దారినే పోతుంది, అక్కడ దిబ్బ కట్టేసి బంతి ఆకారం పోతుంది. గాలిపటం మాంజా చుట్టినట్టు చుట్టకూడదు ఇది. ఐదారు చుట్లు పడగానే బంతిని కాస్త తిప్పి ఇంకో వాలులో చుట్టాలి, దారం వరసగా పడకూడదు, చిందరవందరగా పడాలి. మధ్యమధ్యలో ఆపి రెండు అరచేతుల మధ్య సున్నుండ చుట్టినట్టు ఒత్తుతూ తిప్పండి. లోపల ఉన్నది ఊక అయితే అది నిజంగానే సర్దుకుంటుంది. థర్మోకోల్ బంతయితే సర్దుకోదు, దానికి గుండ్రం ముందే ఉంటుంది కాబట్టి మీరు చెడగొట్టకుండా ఉంటే చాలు.

గుండ్రంగా ఉందో లేదో కంటికి తెలీదు, కాగితం పట్టీతో మూడు వైపుల నుంచీ చుట్టుకొలత తీసుకోండి. 8 సెంటీమీటర్ల బంతికి 25 దగ్గర రావాలి. మూడు కొలతల మధ్య తేడా 3 మిల్లీమీటర్లు దాటితే ముందుకెళ్ళొద్దు, ఏ చుట్టు తక్కువొచ్చిందో ఆ చుట్టు మీదే ఇంకాస్త దారం చుట్టి మళ్ళీ కొలవండి. పైన పువ్వు కుట్టాక కప్పబడిపోతుందిలే అనుకుంటారు చాలామంది, నేనూ అనుకున్నా. కప్పబడదు, ఇంకా బయటపడుతుంది, ఎందుకంటే పువ్వు మధ్యలో కాకుండా పక్కకి జారినట్టు కనపడుతుంది.

వాసన వస్తోంది, లోపల ఏదో పాకుతోంది

నవ్వకండి, జరిగింది. పాత పద్ధతిలో లోపల పోసేది వరి ఊక, జపనీస్‌లో మొమిగారా అంటారు, కగావా వైపు చేసే సనుకి తెమారిలో ఇప్పటికీ ఊకే. మనకి ఊకకేం కరువు, ఏ రైస్ మిల్లు వెనక చూసినా గుట్టలే. కానీ మిల్లు ఊకలో తవుడు కలిసి ఉంటుంది, తవుడులో నూనె ఉంటుంది, అది ముక్కుతుంది, దానికి పురుగు పడుతుంది. కాబట్టి చేటలో బాగా చెరిగి, తవుడూ నూకలూ పోయాక ఎండబెట్టి, మూకుట్లో సన్నసెగ మీద కాసేపు వేయించి పూర్తిగా చల్లారాక వాడండి. నేను మొదటిసారి ఎండబెట్టకుండానే చుట్టేశా, జూన్‌లో ఇక్కడ త్సుయు అని వానలు ముసురు పడతాయి, నెల తిరక్కుండానే తెల్ల దారం మీద నల్ల చుక్కలు. అలాంటి బంతిని బాగుచెయ్యలేం, పారేయడమే.

సూది దిగట్లేదు, దిగితే కుట్టు నిలవట్లేదు

రెండూ ఒకే జబ్బు, పై పొర పల్చగా ఉంది. ఈ బంతి మీద గుడ్డ ఉండదు కదా, కుట్టు పట్టుకునేది చుట్టిన దారాన్నే. ఊకని ఉల్లిపొర లాంటి పల్చటి కాగితంలో మూటకట్టి, దాని మీద సన్నటి ఉన్నిదారం, ఆపైన టైలర్లు వాడే ఓవర్‌లాక్ దారం. ఉన్ని రంగు ఎక్కడా కనపడకుండా అయ్యాక చాలామంది ఆపేస్తారు, అక్కడి నుంచి ఇంకో పావుగంట చుట్టాలి. థర్మోకోల్ మీద ఉన్ని లేకుండా నేరుగా దారం చుడితే సూది థర్మోకోల్‌లోకి కసుక్కున దిగి కరకరలాడుతుంది, అలాంటప్పుడు కుట్టడం ఆపి ఇంకో పొర చుట్టుకోవడమే మార్గం. ఒకవేళ మరీ బిగించి చుట్టి రాయిలా అయ్యిందా, అప్పుడు మాత్రం సూదిని ప్లయర్‌తో లాగాల్సిందే, ఈసారికి అంతే.

గీతలు కలవట్లేదు

అసలు తెమారి అంతా ఇక్కడే ఉంది. పువ్వు కుట్టేముందు బంతిని జరీ దారంతో భాగాలు చేస్తారు, దాన్ని జివారి అంటారు. మనం చుక్కలు పెట్టి ముగ్గేస్తాం చూడండి, చుక్క తప్పితే ముగ్గు ఎంత బాగా లాగినా ఏం లాభం, అదే ఇక్కడ కూడా.

టేపుతో కొలవొద్దు, కాగితం పట్టీ కావాలి, అర సెంటీమీటర్ వెడల్పుది. ఉత్తరధ్రువం అనుకున్నచోట పిన్నుతో పట్టీని గుచ్చి, బంతి చుట్టూ ఒక్క చుట్టు తిప్పి కరెక్టుగా కలిసేచోట కత్తిరించండి. దాన్ని సగానికి మడిస్తే ఆ మడత దగ్గర దక్షిణధ్రువం. చాలామంది ఒక్క వైపు నుంచి కొలిచి పిన్ను గుచ్చేస్తారు, అది తప్పు, పట్టీని తిప్పి కనీసం నాలుగు వైపుల నుంచి చూడాలి, నాలుగు చోట్ల నాలుగు జాగాలు చూపిస్తుంది, ఆ నాలుగింటి నడుమ పిన్ను పెట్టాలి. తర్వాత పావు మడత దగ్గర నడుము, జపనీస్‌లో ఓబి, కిమోనోకి కట్టే పట్టీ పేరే. అక్కడ ఎన్ని భాగాలు కావాలో అన్ని పిన్నులు. ధ్రువాలకి ఒక రంగు పిన్ను, ఓబికి ఇంకో రంగు పెట్టుకోండి, లేకపోతే సగంలో మీరెక్కడున్నారో మీకే తెలీదు.

8 భాగాల వరకు ఇలా వచ్చేస్తుంది. 12 పంచభుజాల డిజైన్‌కి వచ్చేసరికి అందరూ చతికిలబడతారు. దానికి ధ్రువం నుంచి మొదటి వరస పిన్నుల దూరం లెక్క ఇలా: చుట్టుకొలతలో ఆరోవంతు, దానికి చుట్టుకొలతలో వందోవంతు కలపాలి. 25 సెంటీమీటర్ల చుట్టుకొలతైతే 4.17, దానికి 0.25, మొత్తం 4.42. మా సెన్సెయ్, అంటే మాకు నేర్పే టీచరమ్మ, ఇది నోటితో చెప్పేసింది, నేను ఇంటికెళ్ళి కాలిక్యులేటర్ మీద కోణాలతో సరిచూసుకున్నా, జానెడు బంతి మీద తేడా మిల్లీమీటర్ కూడా లేదు.

అయినా చివరి పిన్ను దగ్గరికొచ్చేసరికి నాలుగైదు మిల్లీమీటర్లు తేడా వస్తుంది, వస్తుందంతే, చేత్తో చేసిన బంతి కదా. ఆ తేడా మొత్తం ఆఖరి పిన్ను నెత్తిన పడేస్తే ఒక్క పంచభుజం వంకరపోయి బంతంతా దాన్నే చూపిస్తుంది. అదే అన్ని పిన్నులకీ అర మిల్లీమీటర్ చొప్పున పంచేస్తే ఎవరూ కనిపెట్టలేరు. గీతలు కలిసిన ప్రతి చోటా అదే జరీ దారంతో ఒక చిన్న టాకా వెయ్యండి, లేకపోతే కుట్టేటప్పుడు గీత పక్కకి జరుగుతుంది.

రేకులు ఒకటి పొడుగు ఒకటి పొట్టి

కికు అంటే చామంతి, మొదట నేర్పేది ఇదే. ధ్రువం దగ్గర ఒక కుట్టు, ఓబి దగ్గర ఒక కుట్టు, మళ్ళీ పైకి, మళ్ళీ కిందకి, అలా చుట్టూ తిరిగొస్తే ఒక వరస. మొదటి వరసలో ఎక్కడ కుట్టాలో ప్రతి గీత మీదా పిన్ను పెట్టుకుని కొలిచి కుడితే మిగతా వరసలు వాటంతటవే వస్తాయి, మొదటి వరస అంచనా మీద లాగించేస్తే పదో వరసకి పువ్వు కాస్తా నత్తగుల్ల అవుతుంది. ఇంకో కారణం, ధ్రువం దగ్గర కుట్టేటప్పుడు సూది పాత వరసల దారాన్ని పొడుస్తోంది. పాత దారాలన్నిటికీ అవతల దిగి, అన్నిటి కిందుగా వెళ్ళి, ఇవతల తేలాలి. ఎడమచేతి బొటనవేలి గోరుతో పాత దారాల్ని కొంచెం పైకి నెట్టి పట్టుకోండి, చోటు కనపడుతుంది. ఒక్క దారం పొడిచినా అక్కడ జడ చెదిరిపోతుంది, విప్పి మళ్ళీ కుట్టాలి, వేరే దారి లేదు.

దారం నూగు లేస్తోందా, మరీ పొడుగు దారం వాడుతున్నారు, మీటర్ దాటొద్దు, మెలి వీడిపోతుంటే అప్పుడప్పుడు సూదిని వేలాడదీసి వదిలేయండి, అదే తిరిగి సర్దుకుంటుంది. ముడి బయటికి కనపడుతోందా, రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో సూది దించి, టక్కుమనేదాకా లాగితే ముడి పొర కిందికి దిగిపోతుంది. ఎరుపూ నీలమూ రంగు దిగుతాయేమోనని భయముంటే కుట్టకముందే తడి తెల్లగుడ్డలో రుద్ది చూడండి.

గంట మోగట్లేదు

బంతి కదిపితే మోగాలని లోపల పెట్టే సిరిమువ్వని నేరుగా ఊకలో పెట్టారు, ఊక దాని నోరు నొక్కేసింది. ఏదైనా చిన్న గట్టి డబ్బాలో వేసి, మూతకి టేపు చుట్టి, మధ్యలో పెట్టండి. ఇక్కడ పిల్లలు నాణెం వేసి తిప్పే బొమ్మల మెషీన్లుంటాయి, ఆ ప్లాస్టిక్ గుండ్లు సరిగ్గా సరిపోతాయి, మా అబ్బాయి పుణ్యమా అని మా ఇంట్లో సంచీడు ఉన్నాయి.

పిన్నుల లెక్క తేడా వచ్చింది

ఇది అన్నిటికంటే ముందు రాయాల్సింది. మేం బంతులు అమ్మే బజార్ రోజు పొద్దున నేను ట్యాగులు కడుతున్నా, సెన్సెయ్ నా బంతొకటి తీసుకుని ఊరికే అరచేతుల మధ్య దొర్లిస్తూ ఒక్కచోట ఆగింది. ఏమీ అనలేదు. నా వేలు పట్టుకుని అక్కడ పెట్టింది. దారాల కింద ఆవగింజంత గట్టిగా తగిలింది, గాజు తల పిన్ను, నిండా దిగిపోయి పైన దారం కప్పేసింది. 12 పిన్నులు గుచ్చి 11 తీశానన్నమాట. ఆ బంతి పసిపిల్లల కోసం కొనేవాళ్ళు ఉంటారు, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు, తర్వాత ఏం జరిగేదో ఆలోచిస్తే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పుతుంది.

పరిష్కారం కష్టమేం కాదు. ఒక డబ్బాలో సరిగ్గా 20 పిన్నులు పెట్టుకోండి, ఒక బంతికి ఆ డబ్బా ఒక్కటే, పని అయ్యాక 20 తిరిగి డబ్బాలో పడ్డాకే ట్యాగ్ కట్టాలి. ఆపైన గట్టి అయస్కాంతాన్ని బంతి చుట్టూ తిప్పండి, లోపల సూది ముక్క ఉన్నా చేతికి లాగినట్టు తెలుస్తుంది.

చూస్తారు, ముద్దొస్తోందంటారు, పెట్టేసి పోతారు

ఇక్కడ బేరం ఆడరు. మన దగ్గరైతే "ఎంతకిస్తావమ్మా" అంటారు, కనీసం ఎక్కడ ఆగారో తెలుస్తుంది. ఇక్కడ నవ్వి, తలొంచి, వెళ్ళిపోతారు. మొదటి బజార్‌లో మేం 8 సెంటీమీటర్లవి ఒక్కోటి 3000 యెన్‌లకి పెట్టి సాయంత్రం దాకా కూర్చుంటే రెండు పోయాయి. ధర ఎక్కువని మేమనుకున్నాం, ఒక్కోదానికి పదిహేను గంటలు పడుతుంది, ఇంకా తగ్గిస్తే ఎలా అని గొణుక్కున్నాం. అసలు సంగతి, ఇంటికి తీసుకెళ్ళి ఎక్కడ పెట్టాలో వాళ్ళకి తెలీలేదు. బంతి కదా, దొర్లిపోతుంది. తర్వాతిసారి టిష్యూ రోల్ అట్ట గొట్టాన్ని రెండేసి సెంటీమీటర్ల ముక్కలు కోసి గుడ్డ అంటించి పీటల్లా చేసి వాటి మీద కూర్చోబెట్టాం, బంతితో పాటు పీట కూడా ఫ్రీ. మూడు సెంటీమీటర్ల చిట్టివి తాడు కట్టి బ్యాగుకి తగిలించుకునేలా 500కి పెట్టాం. చిట్టివి మధ్యాహ్నానికే అయిపోయాయి, వాటి కోసం ఆగినవాళ్ళే పెద్దవీ కొన్నారు.

వెలుతురు కూడా చూసుకోండి, ఈ దారానికి మెరుపు పక్క నుంచి వెలుగు పడితేనే కనపడుతుంది, నెత్తి మీద ట్యూబ్‌లైట్ కింద అన్నీ ప్లాస్టిక్‌లా ఉంటాయి. ట్యాగ్ మీద రెండు ముక్కలు రాయండి. నోటో ఉన్నది ఇషికావా జిల్లాలో, అక్కడి కనజావా వైపు పెళ్ళికూతురికి రక్షగా తెమారి ఇచ్చే ఆనవాయితీ ఉంది, 1601లో అక్కడ ఏలిన మాయెదా వాళ్ళ ఇంటికి కోడలిగా వచ్చిన తమాహిమె తెచ్చిన బంతితో మొదలైందని అక్కడ చెప్పుకుంటారు. ఇది రాసి పెట్టాక జనం ఆగి చదవడం మొదలైంది. అమ్మేముందు హాల్ ఆఫీసులో పర్మిషన్ అడగడం మాత్రం మర్చిపోవద్దు, పబ్లిక్ హాళ్ళలో అమ్మకాలకి రూల్స్ ఉంటాయి.

"ఈ డబ్బు ఎవరికెళ్తుంది?" అని అడిగితే నోరు పెగల్లేదు

ఒక పెద్దాయన అడిగాడు, టేబుల్ వెనక ముగ్గురం ఉన్నాం, ముగ్గురం మూడు చెప్పాం. ఆయన చేతిలో బంతి అలాగే కింద పెట్టేశాడు, తప్పు ఆయనది కాదు. జపాన్‌లో దీనికి రెండు మాటలున్నాయి, గియెన్‌కిన్ అంటే నష్టపోయిన వాళ్ళ చేతికే పంచే డబ్బు, షియెన్‌కిన్ అంటే అక్కడ పనిచేసే సంస్థల ఖర్చుకి ఇచ్చేది. ముందే ఏదో ఒకటి తేల్చుకోండి. అమ్మిన మొత్తమా, దారాల ఖర్చు పోనా, అది కూడా. మేం దారం ఖర్చు మా జేబులోంచే పెట్టుకుని, మొత్తం రెడ్‌క్రాస్‌కి గియెన్‌కిన్ కింద కడుతున్నాం, ఆ ఒక్క వాక్యం అట్ట మీద పెద్దక్షరాల్లో, దాని పక్కనే పోయినసారి కట్టిన రసీదు జిరాక్స్. ఊరికే సహాయార్థం అని రాస్తే జాలిపడి కొంటారు, ఒక్కసారి కొంటారు, మళ్ళీ రారు. అందుకే వంకర బంతుల్ని కూడా సేవే కదా అని టేబుల్ మీద పెట్టనివ్వను, ఈ విషయంలో సెన్సెయ్ కంటే నేనే మొండి.

అమ్మినది వెనక్కొచ్చింది

ఎక్కువగా దారం కొస ఊడి వస్తాయి, పిల్లి పీకిందనో, బ్యాగు జిప్‌కి పట్టుకుందనో. డబ్బు తీసుకోకుండా అక్కడికక్కడే కుట్టిస్తాం. రంగు కలవడమే కష్టం, అదే ఎరుపు మళ్ళీ కొంటే అదే ఎరుపు రాదు. అందుకని ఇప్పుడు ఏ బంతికి వాడిన దారం ముక్కలు మూరెడేసి దాని ట్యాగ్ వెనకే చుట్టి ఇచ్చేస్తున్నాం.